పొగడచెట్టు బకాయి

తూమువారిపాలెంలో డబ్బివ్వకుండా దొరికే వస్తువు చివరికి నీడ ఒక్కటే మిగిలింది. అది మునిసిపాలిటీ కంటపడడానికి కారణం ఒక మోటారు.

గానుగతోట కాలనీ పార్కులో బోరు మోటారు కాలిపోయింది. కాలనీవాళ్ళు ఆఫీసుకు వెళ్ళి చెప్పుకున్నారు. "పార్కు మీ కాలనీది. మోటారు మీరే వేయించుకోండి" అన్నారు ఆఫీసువాళ్ళు. "పార్కు మీది. గేటు మీద బోర్డు చూడండి, మీ పేరే ఉంది" అన్నారు కాలనీవాళ్ళు. రెండు పక్షాలూ పార్కును ఒకరికొకరు దానం చేసుకుంటూ ఎండాకాలం సగం గడిపాయి. జానెడు గోడ కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే ఊరది. అంత జాగాను మాకొద్దంటే మాకొద్దని తోసుకోవడం అక్కడ ఎవరూ ఎరగరు. ఈలోగా గడ్డి చచ్చింది.

ముక్కంటికి గడ్డితో పనిలేదు. ఉన్నదల్లా పొగడచెట్టుతో.

ముక్కంటి బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. అతని మాట కూడా టికెట్టు చింపి ఇచ్చినట్టే ఉంటుంది. చిన్నది, తిరిగి తీసుకోనిది. భార్య శేషారత్నం ఉన్నంతకాలం ఆ మాటలన్నీ ఆమె పడేది. పడి నవ్వేది, నవ్వి తిరిగి ఒకటి అంటించేది. పొగడచెట్టు ఆమె నాటిందే. బండిమీద మొక్కలమ్మేవాడికి మొగుడి ఖాకీ ప్యాంట్లు రెండు ఇచ్చి మొక్క తీసుకుంది. "మల్లె అయితే సాయంత్రానికి చస్తది. పొగడపువ్వు వాడినా వాసన పోదు. నీతో కాపరానికి అట్టాంటిదే కావాల" అంది. ఇంట్లో జాగా లేక పార్కులో నాటి, బిందెతో నీళ్ళు మోసి పెంచింది. చెట్టు పూతకొచ్చింది. ఆమె పోయింది.

ఆమె అతన్ని ఓడించిన సందర్భాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది కోళ్ళబుట్టది. ఒకసారి టికెట్టుకు డబ్బుల్లేని ఆసామి దగ్గర ముక్కంటి కోళ్ళబుట్ట లాక్కున్నాడు. ఆసామి దిగిపోయాడు, మళ్ళీ రాలేదు. డిపో మేనేజరు బుట్టను చూసి, "జప్తు సరుకు. ఒక్క కోడి చచ్చినా నీ జీతంలో కోస్తా" అన్నాడు. ఇంట్లో ఆ కోళ్ళకు నూకలు చల్లుతూ శేషారత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. "పట్టుకున్నోడే మేపాలయ్యా కండక్టరూ!" అంది. ఆ తర్వాత కాపరమంతా ఆ మాట అంటూనే ఉంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ముక్కంటి ఆ చెట్టుకింద సిమెంటు బల్లమీద కూర్చుని ఆమెతో తగాదా పడతాడు. పప్పులో ఉప్పెక్కువైంది, నేర్పకుండా పోయావు కాబట్టి తప్పు నీదే అంటాడు. చెట్టు ఒక పువ్వు రాలుస్తుంది. "ఇదుగో, ఇట్టాగే. అడిగినదానికి జవాబు చెప్పదు" అని గొణిగి ఇంటికి పోతాడు. రోజు మొత్తంలో అతను బతికేది ఆ కాసేపే. ఆ మాట ఎవరన్నా అంటే మాత్రం తంతాడు.

మోటారు గొడవ ముదిరిన సమయానికి కమిషనర్ పరాంకుశం గారు శిక్షణ ముగించుకుని ఊళ్ళోకి దిగారు. పచ్చదనం పరిరక్షణ మీద ఎక్కడో కొండమీది హోటల్లో, కిటికీలు మూసిన ఏసీ హాల్లో జరిగిన శిక్షణ అది. వచ్చీ రాగానే పార్కులో షామియానా వేయించి సభ పెట్టారు. షామియానా గుంజలకు అడ్డమని ఒక కానుగ కొమ్మ కొట్టించారు.

"పౌర సోదర సోదరీమణులారా!" అన్నారాయన. "సదరు పార్కు ఎవరిది అను ప్రశ్నకు కాలం చెల్లినది. పార్కు వలన లబ్ధి ఎవరు పొందుచున్నారు అన్నదే నేటి ప్రశ్న. లబ్ధి పొందినవాడే భారము వహించును. దీనిని లబ్ధిభార సమతా సూత్రము అందురు. శిక్షణలో మాకు దీనిపై రంగుల బొమ్మలు కూడా చూపించినారు."

వెనక వరుసలోంచి ముక్కంటి లేచాడు.

"అయితే గాలి పీల్చినందుకు కూడా టికెట్టు కొడతారా?"

జనం గొల్లుమన్నారు. పరాంకుశం గారు నవ్వలేదు. జేబులోంచి కలం తీశారు.

"అమూల్యమైన సూచన. మా దృష్టికి రాలేదు సుమండీ. తమరి పేరు?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాని పేరు హరిత లబ్ధి రుసుము. నీడకు వేరు, గాలికి వేరు, చూపుకు వేరు, పూలవాసనకు వేరు, పిట్టల కూతకు వేరు. కోయిల కూతకు రుసుము. కాకి కూత శబ్ద కాలుష్యం కనుక దానికి రాయితీ. రెండూ ఒకేసారి కూస్తే చెల్లుకు చెల్లు. ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాల్లో "పౌరుల సూచన మేరకు" అని ఉంది.

వసూలు బాధ్యత బిల్ కలెక్టర్ సుభానీ మీద పడింది. మంచివాడు. ఊళ్ళో సగంమందిని బాబాయ్ అనీ, మిగతా సగంమందిని పిన్నీ అనీ పిలిచి పన్ను వసూలు చేసుకునేవాడు. టేపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పార్కు వైపున్న కిటికీలు కొలవడం మొదలుపెట్టాడు.

మూల ఇల్లు ఎస్తేరమ్మ టీచరుది. కిటికీ తెరిస్తే పార్కంతా పరిచినట్టు కనిపిస్తుంది.

"టీచరమ్మా, ఈ కిటికీలోంచి పార్కు కనపడుద్ది గదా? చూపు రుసుము పడుద్ది."

"కనపడితే నాకేంది? నేను చూస్తన్నానా? అటు వీపు పెట్టి కూర్చుంటా."

"ఎల్లకాలం అట్టాగే కూచుంటారా?"

"బడిలో బోర్డుకు వీపు పెట్టి పాఠాలు చెప్పి రిటైరైనదాన్నిరా. ఎనక ఏముందో చూడకుండా బతకడం నాకు అలవాటే. రాసుకో."

సుభానీ రాసుకున్నాడు. ఆఫీసు ఒప్పుకోలేదు. వీపు ఎప్పుడైనా తిరగవచ్చు కాబట్టి కిటికీ శాశ్వతంగా మూస్తేనే మినహాయింపు అంది. మర్నాడు టీచరు కిటికీకి ఇటుకలు పేర్పించింది. ఆ మర్నాటికి వీధంతా ఇటుకలే. తాపీ పనివాళ్ళకు చేతినిండా పని. చీకట్లో కూర్చుని పట్టపగలు లైట్లు వేసుకున్నారు జనం. కరెంటు బిల్లు పెరిగింది, అయినా మునిసిపాలిటీకి కట్టలేదు కదా అని సంతోషించారు.

ఆపైన కాలనీ మొత్తం మేధస్సు ఒకే పని మీద నిలబడింది. తనకు ఆ పార్కువల్ల చిల్లిగవ్వ లాభం లేదని రుజువు చేసుకోవడం. ముక్కులో ఎముక పెరిగి వాసన తెలియడంలేదని డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చాడొకాయన. ఆయన్ని చూసి ఇంకొకాయన తెచ్చాడు. నెల తిరిగేసరికి కాలనీలో ముక్కు బాగున్నవాడు లేడు. పొద్దున్నే నడిచేవాళ్ళు చెట్లకింద గొడుగులు వేసుకుని నడిచారు. గొడుగు నాది, నీడ నాది, చెట్టుతో నాకు సంబంధం లేదని వాదన. రాయితీ కోసం డాబాలమీద కాకులకు అన్నం పెట్టడం ఎక్కువైంది. అంత భక్తిగా తద్దినాల్లో కూడా ఎవరూ పెట్టలేదు. ఏ ఇంటి పితృదేవతలకు ఎన్ని ముద్దలు అందాయో గాని, కాకులు మాత్రం ఎగరలేక నడిచేవి.

ముక్కంటి ఒక్కడే గొడుగు లేకుండా వచ్చి పొగడచెట్టు కింద కూర్చున్నాడు.

"బాబాయ్" అన్నాడు సుభానీ, బతిమాలుతున్నట్టు. "నీకు కూడా ముక్కు బాగలేదని రాయనా?"

"నా ముక్కు బాగానే ఉంది."

"నీడ తగలట్లేదని రాయనా?"

"తగుల్తంది. గాలీ తగుల్తంది. వాసనా వస్తంది. రాసుకో."

"ఎందుకు బాబాయ్ పంతం?"

"బస్సెక్కి, ఎక్కలేదని బొంకినోళ్ళని బతుకంతా చూశా. వాళ్ళలో నన్ను కలపమాక."

సుభానీ రాసుకున్నాడు. అంతే. కాలనీ అంతటికీ లబ్ధిదారుడు ఒక్కడే తేలాడు.

సూత్రం సూత్రమే. లబ్ధి ఎవరిదో భారం వారిది. పార్కు మొత్తం ఖర్చు ముక్కంటి పేరుమీద బిల్లయి వచ్చింది. కిటికీలు కొలిచిన టేపులు, కూతలు విని లెక్క రాసుకోవడానికి పెట్టిన మనుషులు, ముక్కులు తనిఖీ చేసిన సంఘం, వాళ్ళ జీపు, జీపులోకి డీజిలు, అన్నీ అందులో ఉన్నాయి. మోటారు ఖర్చు ఎక్కడో అట్టడుగున, పెళ్ళిలో పేదచుట్టంలాగా కనిపించింది.

ముక్కంటి ఆ బిల్లు పట్టుకుని కమిషనర్ గదిలోకి వెళ్ళాడు.

"ఒక్క పాసింజరే ఉన్నాడని బస్సు మొత్తం కొనమంటే ఎట్టాగండీ?"

"తమరు సూత్రమును ప్రశ్నించుచున్నారా?"

"లేదు. నాకు తెలీక అడుగుతున్నా. ఈ మోటారు నీళ్ళు తాగేది నేనా?"

"కాదు."

"మరి చెట్లు. తాగేది అవి, తినేది అవి, ఉండేది అవి. నన్నడుగుతారేంది? పోయి వాటినే అడగండి!"

ఉమ్మేసినట్టు ఆ మాట అని ముక్కంటి బయటికి వచ్చేశాడు. గుమ్మం దాటాక వెనక నుంచి చప్పుడు వినిపించింది. కలం టోపీ తీసిన చప్పుడది.

కొత్త ఉత్తర్వు మొదటిదానికంటే ఉత్సాహంగా ఉంది. "ఉద్యానవనముల యొక్క ప్రధాన లబ్ధిదారులు వృక్షములే అని లోతైన పరిశీలనలో తేలినది. సదరు వృక్షములు ఏ విధమైన అద్దె గాని, నీటి పన్ను గాని చెల్లించక ఏళ్ళ తరబడి మునిసిపల్ స్థలమునందు నివసించుచున్నవి. ఇది క్షమార్హము కాదు." అడుగున మళ్ళీ "పౌరుల సూచన మేరకు".

ముక్కంటి దాన్ని గేటు దగ్గర చదివాడు. ఏళ్ళ తరబడి ఎంతోమందికి టికెట్టు కొట్టినవాడు. బస్సుకే టికెట్టు కొట్టినవాణ్ణి మొదటిసారి చూశాడు.

సుభానీ నోటీసుల కట్ట, జిగురు డబ్బా తెచ్చుకుని చెట్టు చెట్టుకీ అంటించసాగాడు. కంప్యూటరులో ప్రతి బకాయిదారుకీ వివరాలు నింపాలి. లేకపోతే అది ముందుకు కదలదు. వేపకూ కానుగకూ తండ్రి పేరు దగ్గర గీత పెట్టాడు. పొగడ దగ్గరకు వచ్చాడు.

"బాబాయ్, ఆడా మగా?"

"పూలు పూస్తది. నువ్వే తేల్చుకో."

"తండ్రి పేరో, భర్త పేరో?"

"లేరు. నాటిన మనిషి పేరు ఉంది. శేషారత్నం. రాసుకో, సరిగ్గా రాయి."

ఆమె పేరు ఎక్కడన్నా ఒకచోట రాసి ఉంటుందన్న ఆశతో చెప్పాడు. తర్వాత ఆ ఒక్కమాటే అతని పీకకు చుట్టుకుంది.

చెట్లు గడువులోగా చెల్లించలేదు. సంజాయిషీ కూడా ఇచ్చుకోలేదు. ఒక చింత మాత్రం నోటీసు మీద చిగురు రాల్చింది. దాన్ని పాక్షిక చెల్లింపుగా తీసుకోవచ్చా అని ఆఫీసులో చర్చ జరిగింది.

"ఉలుకూ పలుకూ లేదు బాబాయ్" అన్నాడు సుభానీ బల్లమీద కూలబడి. "పైన నన్ను తింటున్నారు."

"మొండి బకాయిదార్లకు ఏం చేస్తారు మీరు? ఇంటిముందు డప్పు కొట్టిస్తారుగా? కొట్టించు. సిగ్గొచ్చి కడతాయి."

ఆ ఊళ్ళో అదే ఆనవాయితీ. పన్ను ఎగ్గొట్టినవాడి గడపలో డప్పు కొట్టిస్తారు. నలుగురూ బయటికొచ్చి చూస్తారు. పరువుకు భయపడి ఇంటాయన లోపల్నించి నోట్లు తెచ్చి పారేస్తాడు. అప్పటికీ రాకపోతే గేటు ఊడదీసి ట్రాక్టరులో వేసుకుపోతారు.

తెల్లవారేసరికి పార్కులో డప్పులు మోగాయి. "తూర్పు గోడ పక్క వేపా! నీళ్ళ బకాయి కట్టాలహో! మోటారు గది ముందు కానుగా! నీకు మానం లేదా, మర్యాద లేదా!" అని దండోరా. డప్పు వాళ్ళు నిజంగా మంచి వాయిద్యగాళ్ళు. దరువు పట్టు దొరికేసరికి ఇటుకలు పేర్చిన ఇళ్ళలోంచి జనం బిలబిలా దిగారు. కుర్రకారు చిందు వేసింది. ఒక ముసలమ్మ అమ్మవారి జాతర అనుకుని పరుగున వచ్చి వేపకు పసుపు పూసి బొట్టు పెట్టింది. మరుక్షణం ఆఫీసులో గగ్గోలు. బొట్టున్న చెట్టు మునిసిపాలిటీ కిందికి వస్తుందా, దేవాదాయ శాఖ కిందికి వస్తుందా? సాయంత్రానికల్లా, నోటీసు అందుకున్న వృక్షమునకు పసుపు చెల్లదని ఇంకో ఉత్తర్వు వేశారు. కోయిలలు మాత్రం డప్పుకు బెదిరి పక్క కాలనీకి పోయాయి. కూత రుసుము కింద రావలసిన ఆదాయం పడిపోయిందని లెక్కల శాఖ ఆందోళన వెలిబుచ్చింది.

ఎస్తేరమ్మ టీచరు డప్పు విని ఆనందం పట్టలేక గోడలోంచి రెండు ఇటుకలు ఊడదీసి చూసింది. చూసినందుకు రుసుము కట్టి రసీదు తీసుకుంది.

ముక్కంటి కూడా నవ్వాడు. అతను నవ్వడం కాలనీకి కొత్త. అదే ఆఖరు అయింది.

మర్నాడు సుభానీ అతని ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో కాగితం ఉంది, ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు. ముక్కంటి లాక్కుని చదివాడు.

"శ్రీమతి శేషారత్నం గారికి. పొగడ వృక్షమును నాటిన వ్యక్తి అగుటచే సంరక్షకురాలి హోదాలో తమరు స్వయముగా హాజరు కావలెను. మిగిలిన వృక్షములు అనాథలు. బాధ్యురాలి పేరు గల వృక్షము ఇది ఒక్కటే అయినందున జప్తు దీనితోనే ప్రారంభించబడును. హాజరు కానిచో వృక్షమును నేలమట్టము చేసి కలపను స్వాధీనపరచుకొనుట జరుగును."

"నోటీసులో పిన్ని పేరు నేను టైపు చెయ్యలేదు బాబాయ్" అన్నాడు సుభానీ నేల చూస్తూ. "పేరున్న చోటికి కంప్యూటరు దానంతటదే పంపింది."

ముక్కంటికి గొంతుదాకా మాట వచ్చింది. శ్మశానానికి పోయి డప్పు కొట్టండిరా అని. పళ్ళదాకా వచ్చింది. పెదవి దాటబోయి, ఆగింది.

ఆగింది ఎందుకంటే, ఒకవేళ దాటితే రేపు పొద్దున్న శ్మశానంలో నిజంగానే డప్పు మోగుతుంది. అడుగున "పౌరుల సూచన మేరకు" అని ఉంటుంది. ఆ పౌరుడెవరో ముక్కంటికి అప్పుడు తెలిసింది. గాలికి టికెట్టు అన్నది తను. చెట్లను అడగమన్నది తను. డప్పు కొట్టించమన్నది తను. ఆ ఆఫీసులో సొంత బుర్ర ఎవరికీ లేదు. తన వెటకారంతోనే ఇన్నాళ్ళూ పరిపాలన నడుస్తోంది.

జీవితంలో మొదటిసారి ముక్కంటి ఒక మాట మింగాడు. అది కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

"ఎప్పుడురా?" అన్నాడు.

"ఎల్లుండి. రంపం మిషను మాట్లాడారు."

ఆ సాయంత్రం పొగడచెట్టు కింద అతను తగాదా పెట్టుకోలేదు. ఊరికే కూర్చున్నాడు. చెట్టు ఒక పువ్వు రాల్చింది. "ఏం చెయ్యమంటావే?" అని మామూలుగా అడిగాడు. అలా మామూలుగా ఆమెను ఎప్పుడూ ఏమీ అడిగి ఎరగడు. ఎక్కడో డాబామీద బలిసిన కాకులు ముద్ద కోసం కొట్టుకుంటున్నాయి. వాటికేసి చూస్తూ చూస్తూ ముక్కంటి ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు.

జప్తు రోజున పార్కు నిండిపోయింది. కమిషనర్ పరాంకుశం గారు స్వయంగా వేంచేశారు. రంపం మిషను ఒకసారి గర్రుమని ఆగింది.

"శేషారత్నం! శేషారత్నం! శేషారత్నం!" అని సుభానీ ముమ్మారు పిలిచాడు.

"హాజరు కాలేదు" అన్నారు కమిషనర్. "కోతకు ఉపక్రమించండి."

"ఒక్క మనవి అయ్యగారూ" అన్నాడు ముక్కంటి, చేతులు కట్టుకుని. అతను చేతులు కట్టుకోవడం చూసి కాలనీ నిర్ఘాంతపోయింది. ఎస్తేరమ్మ టీచరు ఇంకో ఇటుక పీకింది.

"ఆక్షేపణా?"

"అయ్యయ్యో, కాదు. సూచన."

కమిషనర్ చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

"మీరు బకాయిదారు ఇంటికి జప్తుకు పోతే ఏం తీసుకుంటారండీ? రేటున్న సామాను తీసుకుంటారు. గోడలు పగలగొట్టి ఇటుకలు తెచ్చుకోరుగా? ఈ చెట్టుకున్న కలపకు రేటు మీరెక్కడన్నా కట్టారా?"

"కలపకు... కట్టలేదు."

"నీడకు కట్టారు. చదరపు గజం లెక్కన. మీ ఉత్తర్వులోనే ఉంది. రేటున్న ఆస్తిని ఎండకు వొదిలేసి, రేటు లేని కర్రముక్కలు పట్టుకుపోయారని రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే? చెట్టును పడేస్తే నీడ పోద్ది. అంటే జప్తు చెయ్యాల్సిన ఆస్తిని మీ చేత్తో మీరే నాశనం చేసినట్టు. నాకెందుకులే అనుకున్నా. మీరు కొత్తగా శిక్షణ పొందొచ్చారు, మాట పడతారేమోనని చెప్తన్నా."

ఆడిట్ అన్న మాటకు పరాంకుశం గారి ముఖంలో రంగు మారింది. కలం కదిలింది.

"సదరు వృక్షము యొక్క ఛాయను" అని చెబుతూ రాశారు, "చరాస్తిగా పరిగణించి, యథాతథముగా స్వాధీనపరచుకొనుటకు ఇందుమూలముగా ఆదేశించడమైనది."

రంపం వాడిని పంపేశారు. సుభానీ మేకులు దిగేసి నీడ చుట్టూ ఎర్రతాడు కట్టాడు. నీడమీద సీలు వెయ్యడానికి లక్క కరిగించారు. అది మట్టికి అంటింది, నీడకు అంటలేదు. అంటినట్టే భావించాలని నిర్ణయించారు. పంచనామా రాస్తూ రాస్తూ పైకి చూసేసరికి నీడ తాడు కిందినుంచి జానెడు బయటికి జరిగింది.

"పారిపోతున్నది!" అని అరిచారు కమిషనర్. "పట్టుకోండి!"

సుభానీ మేకులు పీకి మళ్ళీ పాతాడు. మళ్ళీ జరిగింది. మళ్ళీ పాతాడు. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు. డప్పువాళ్ళు పిలవకుండానే వచ్చి దరువందుకున్నారు. పొద్దుతోపాటు సుభానీ చెట్టు చుట్టూ తిరిగాడు.

"జప్తు సరుకు కదండీ" అన్నాడు ముక్కంటి, కమిషనర్ పక్కన నిలబడి, వినయంగా. "వేలం అయ్యేదాకా చెడిపోకుండా చూడాల్సిన పూచీ ఎవరిది?"

"శాఖదే. సందేహమేమున్నది?"

"చెట్టుకు నీళ్ళు లేకపోతే ఆకు రాలుద్ది. ఆకు రాలితే నీడకు చిల్లులు పడతాయి."

పరాంకుశం గారు చెట్టును నఖశిఖపర్యంతం చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, ఎండాకాలమంతా ఎవరూ అనని మాట అన్నారు.

"మోటారు వేయించండి."

జప్తు ఆస్తుల సంరక్షణ పద్దు కింద మోటారు వచ్చింది. పెద్దది. పొగడకు పెట్టిన నీళ్ళు పక్క చెట్లకూ పారాయి. నీళ్ళు పారాయి కాబట్టి గడ్డి లేచింది. కాపలాకు సుభానీతో కలిపి ఇద్దరిని వేశారు, చెత్త ఊడవడానికి ఇంకొకరిని. మిగతా చెట్లనూ వరసగా అదే పద్ధతిలో జప్తు చేశారు. ప్రభుత్వ స్వాధీనంలో ఉన్న వస్తువు వలన పౌరుడు లబ్ధి పొందరాదు కనుక హరిత లబ్ధి రుసుము, ముక్కంటి పేరుమీది బిల్లుతో సహా, దానంతటదే రద్దయింది. జనం ఇటుకలు పీకి కిటికీలు తెరిచారు. ముక్కులన్నీ ఒక్కవారంలో బాగుపడ్డాయి. కాకులకు అన్నం మానేశారు. అవి చిక్కి మళ్ళీ ఎగిరాయి.

వేలం పాట పెట్టారు. సోడా బండివాడొకడు వచ్చి, నీడ బాగానే ఉంది, తన బండి దగ్గరకు చేరవేస్తారా అని అడిగాడు. కుదరదన్నారు. పాట వాయిదా పడింది. ఇప్పటికీ పడుతూనే ఉంది.

నష్టపోయింది ముక్కంటి ఒక్కడే. నీడ వెంట తిరగలేక సుభానీ తాడును చెట్టు చుట్టూ ఒకేచోట పాతేశాడు. ఆ తాడు లోపలికి మనిషి రాకూడదు. బల్ల లోపల ఉంది. జప్తు ఆస్తిలో కూర్చోవడం నేరమని బోర్డు కూడా పెట్టారు. అతను తిట్టలేదు, వాదించలేదు. ఇంటినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, తాడుకు ఇవతల, ఎండలో వేసుకున్నాడు. తలమీద తువ్వాలు కప్పుకున్నాడు.

"పట్టుకున్నోడే మేపాల" అన్నాడు చెట్టుతో. "నిజమేలే. ఒప్పుకుంటున్నా. ఇంక పప్పు సంగతికి రా."

పొద్దు పడమటికి వాలింది. నీడ తాడు కిందినుంచి మెల్లగా బయటికి వచ్చింది. గడ్డిమీదుగా సాగి, అతని చెప్పులు దాటి, మోకాళ్ళు ఎక్కి, ఒళ్ళో కూర్చుంది.

కాపలా గుడిసెలోంచి సుభానీ చూశాడు. అలవాటుకొద్దీ ఈల ఊది పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయ్! బాబాయ్! జప్తు నీడ! తాకకూడదు, లెయ్యి!"

ముక్కంటి కదల్లేదు.

"నేను దాని దగ్గరికి పోలేదురా" అన్నాడు. "అదే వచ్చింది. నీకు చేతనైతే దాన్ని లెయ్యమని చెప్పు."